బలిఘట్టం రోడ్డు ఇంటి బేరం

ఆ ఇంటికి మేం అడ్వాన్సు ఇచ్చిన రోజున మా అత్తగారు మేడమెట్లు తనంతట తనే దిగి వచ్చారు. అప్పటికి నాలుగు నెలలుగా ఆవిడ కిందకి దిగలేదు. నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు వెనక వీధిలో మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్లం. పంతొమ్మిది మెట్లు. గుండె జబ్బు వల్ల ఆయాసం వచ్చే మనిషి, పది మెట్లెక్కాక కూర్చుండిపోయేవారు. కృష్ణదేవిపేట దగ్గర పల్లెలో నేలమీద నడిచి, జీడితోటల్లో పనిచేసి బతికినావిడ. కొడుకు ఉద్యోగం కోసం పట్నం వచ్చి, ఆ మేడమీద రెండు గదుల్లో కిటికీ దగ్గర కూర్చుని రోజులు గడిపేవారు.

మా ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. నేను స్కూల్లో టీచర్ని, కాని అప్పటికి నా ఉద్యోగం రెగ్యులర్ కాలేదు. మాకు పిల్లల్లేరు. తొంభైల ఆఖర్లో, మా ఆయనకి యాభై రెండేళ్లప్పుడు, సొంత ఇల్లు కొనాలని నిర్ణయించుకున్నాం. నిర్ణయం మాదే గాని కోరిక ఆవిడది. "మెట్లు నేని ఇల్లు సూడండర్రా, సాలు," అనేవారు.

బలిఘట్టం వెళ్లే రోడ్డులో ఇల్లు దొరికింది. నాలుగు సెంట్ల స్థలం, ముందు ఒక గది, మధ్యగది, వంటిల్లు, పెరట్లో నుయ్యి, సపోటా చెట్టు. ఇంటి యజమాని రెండేళ్ల కిందట పోయాడు. భార్య ఒక్కతే ఉంటోంది. ఆవిడకి యాభై అయిదేళ్లుంటాయి. కళ్లల్లో నీటికాసులు, చూపు పక్కలనుంచి తగ్గుకుంటూ వస్తోందని డాక్టర్లు చెప్పారట. అనకాపల్లిలో కూతురు, అల్లుడు ఉన్నారు. వాళ్లింటి మీద ఆవిడకో గది వేసుకుని అక్కడే ఉండిపోవాలని ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఆవిడని నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను టీచరమ్మా అని పిలిచేది.

రెండు లక్షల అరవై వేలకి బేరం కుదిరింది. నలభై వేలు అడ్వాన్సు. మిగతాది మూడు నెలల్లో, రిజిస్ట్రేషన్ రోజున. బ్యాంకులో మా ఆయన పేరు మీద లోను శాంక్షనైంది. అగ్రిమెంటు రాసిన రోజున అత్తగారు రిక్షాలో వచ్చి ఆ ఇంటి గుమ్మంలో కూర్చున్నారు. లోపలికి రమ్మంటే, "మనదయ్యేక వొస్తాలే," అన్నారు. పిన్నిగారు మజ్జిగ ఇచ్చింది. ఇద్దరూ గుమ్మంలోనే చాలాసేపు మాట్లాడుకున్నారు.

మూడు వారాలకి బ్యాంకు వాళ్ల లాయరు మా ఆయన్ని పిలిపించాడు. ఇల్లు చనిపోయినాయన పేరు మీద ఉంది కాబట్టి వారసులందరూ సంతకాలు పెట్టాలి. వారసుల సర్టిఫికెట్లో మూడు పేర్లున్నాయి. భార్య, కూతురు, ఒక కొడుకు. ఆ కొడుకు సంగతి అగ్రిమెంటు రోజున మా ఆయన అడిగాడు. బయట పని చేసుకుంటున్నాడు, వచ్చి సంతకం పెడతాడని పిన్నిగారు చెప్పింది. మేం నమ్మాం. ఆవిడ అబద్ధం చెప్పిందని తరవాత అల్లుడు కూడా అన్నాడు. నాకిప్పుడు అలా అనిపించదు. ఆవిడ ఏది నమ్ముతోందో అదే చెప్పింది.

కొడుకు వెళ్లిపోయి అప్పటికి అయిదేళ్లు కావస్తోంది. డిగ్రీ రెండోసారి తప్పితే తండ్రి నలుగురి ముందు ఒక మాటన్నాడు. కుర్రాడు ఆ మధ్యాహ్నం తుని బస్సెక్కాడు. తుని స్టేషన్లో చూశామని ఎవరో అన్నారు. అంతే. ఉత్తరం లేదు, కబురు లేదు. తండ్రి పోలీసు స్టేషన్లో కాగితం రాసిచ్చాడు, రెండేళ్లు ఊళ్లు తిరిగాడు, మూడో ఏడు జబ్బు చేసి పోయాడు. తలకొరివి అల్లుడు పెట్టాడు.

లాయరు మాకు నిదానంగా చెప్పాడు. "మనిషి ఏడేళ్లపాటు ఎవరికీ కబురు లేకుండా పోతే, చనిపోయినట్టు కోర్టు డిక్లేర్ చేస్తుందండి. అప్పటిదాకా చట్టం దృష్టిలో ఆయన బతికున్నట్టే. ఆయన సంతకం లేకుండా బ్యాంకు ఈ ఇంటిని తాకట్టు పెట్టుకోదు."

"అంటే ఇంకో రెండేళ్లాగాలా?" అన్నాడు మా ఆయన.

"ఆగి, అప్పుడు కేసు వెయ్యాలి. కేసుకో ఏడాది."

ఆ సాయంత్రమే బలిఘట్టం రోడ్డుకి వెళ్లాం. అల్లుడు కూడా అనకాపల్లి నుంచి వచ్చి ఉన్నాడు. సంగతి విని, "ఒక్క సంతకమే కదండీ. దస్తావేజులు రాసీవోడికి పది రూపాయలిస్తే ఆడే ఎట్టీస్తాడు," అన్నాడు. పిన్నిగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఆడి సంతకం ఆడే ఎట్టాల బాబూ. ఇంకోడెట్టకూడదు," అంది. గొంతు పెంచలేదు గాని తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

అడ్వాన్సు వెనక్కి ఇచ్చెయ్యమని అడిగాం. అది అప్పటికే అనకాపల్లిలో గోడలైపోయింది. కూతురింటి మీద గది లింటెల్ దాకా లేచి ఆగిపోయింది. ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. మాకు వేరే ఇల్లు కొనడానికి ఆ నలభై వేలు లేకుండా కుదరదు. చివరికి అగ్రిమెంటు వెనకవైపు నాలుగు లైన్లు రాసుకున్నాం. కోర్టు కాగితం వచ్చేదాకా గడువు పొడిగించినట్టు, అప్పటివరకు ధర మారనట్టు, మా అడ్వాన్సుకి వడ్డీ అడగనట్టు. అందరం సంతకాలు పెట్టాం. పిన్నిగారు కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని, తల పక్కకి తిప్పి, సంతకం పెట్టింది.

ఇంటికొచ్చి అత్తగారికి కొంచెం ఆలస్యమవుతుందని మాత్రం చెప్పాం. "ఎంతాలీసం?" అన్నారు. మా ఆయన, "బేగే అయిపోద్దమ్మా," అన్నాడు.

ఆరు నెలలకి బ్యాంకు ఇచ్చిన లోను శాంక్షను గడువు దాటిపోయింది. అదే రోజుల్లో అత్తగారికి జబ్బు ముదిరింది. కాళ్లు వాచేవి. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవారు. ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఇద్దరు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించాలి, మళ్లీ ఎక్కించాలి. ఒకసారి సగం మెట్ల మీద ఉండగా, "నన్నిక్కడే దించీసి ఎలిపోండిరా," అని ఏడ్చారు.

ఒక ఆదివారం నేనొక్కదాన్నే పిన్నిగారింటికి వెళ్లాను. ముందుగది అద్దెకిమ్మని అడిగాను. ఇల్లంతా వద్దు, ఆ ఒక్క గది. మా అత్తగారిని అందులో ఉంచి నేనే వచ్చి చూసుకుంటానన్నాను.

ముందుగది తలుపు తీసే ఉంది. లోపల మంచం, దానిమీద ఉతికిన దుప్పటి. గోడకి ఆనించి సైకిలు. చిలక్కొయ్యకి రెండు చొక్కాలు. బల్లమీద డిగ్రీ పుస్తకాలు, వాటిమీద దుమ్ము లేదు.

"ఆ గదివ్వలేనమ్మా," అంది పిన్నిగారు.

"మధ్యగదైనా సరే."

"మజ్జిగదిలో నానుంటన్నాను. నాకు సూపు ఆనదు, తలుపులూ మంచాలూ ఎక్కడివక్కడుంటేనే తిరగ్గలను. ముందుగది ఆడిది. ఆడు ఏ ఏళప్పుడొచ్చినా తిన్నగా ఆ గదిలోకే వొస్తాడు. ఎవరో ముసిలమ్మ పడుకోనుంటే ఏటనుకుంటాడు?"

"ఎవరో కాదు పిన్నిగారూ, మా అత్తగారు. మీరు మజ్జిగిచ్చారు కదా."

ఆవిడ తల వంచుకుంది. "కోప్పడకు టీచరమ్మా. ఇల్లమ్ముతానన్నాను గాని ఆ గది ఇప్పుడే ఇవ్వలేను," అంది.

నేను వచ్చేశాను. దారంతా కోపంతో నడిచాను. అమ్ముకునే ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంచుకుని, ఊపిరాడని మనిషికి ఇవ్వలేదని. అప్పుడు నాకు అంతకు మించి కనబడలేదు.

అత్తగారు వానలు మొదలైన రోజుల్లో పోయారు. ఎలా పోయారో చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను చేసినదంతా అందులోంచే వచ్చింది.

ఆ ఉదయం ఆవిడకి ఊపిరి బరువుగా వస్తోంది. డాక్టరు వచ్చి చూసి, ఎక్కడికీ తీసుకెళ్లక్కర్లేదని చెప్పి వెళ్లిపోయాడు. డాక్టరు మెట్లు దిగిన కాసేపటికి, మాకు అద్దెకిచ్చిన ఇంటివాళ్లాయన మెట్లెక్కి పైకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఎనిమిదేళ్లుగా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "ఏటీ అనుకోకండి బాబూ. ఇయ్యాళ నక్షత్రం మంచిది కాదంట. ఇంట్లో పోతే ఆర్నెల్లు ఇల్లు మూసీయాల. కింద మా కోడలు నీళ్లోసుకునుంది. కిందకి దించీయండి," అన్నాడు.

మా ఆయన ఆయన వైపు చూసి, నా వైపు చూసి, లోపలికెళ్లి కుర్చీ తెచ్చాడు. ఎదురింటి ఇద్దరు మగవాళ్లు సాయం పట్టారు. అదే కుర్చీ, అవే పంతొమ్మిది మెట్లు. మెట్ల మధ్యలో అత్తగారు కళ్లు తెరిచారు.

"ఇల్లు అయిపోనాదేటి? ఎలిపోతన్నామా?" అన్నారు.

"అవునమ్మా," అన్నాడు మా ఆయన.

"మరి నా పెట్టి?"

"తెస్తున్నాంలేమ్మా."

రోడ్డు పక్కన కరెంటు స్తంభానికీ, గోడకీ టార్పాలిన్ కట్టి కింద మంచం వేశారు. చినుకులు పడుతున్నాయి. షేర్ ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. స్కూలు పిల్లలు ఆగి చూసి వెళ్తున్నారు, వాళ్లలో నా క్లాసు పిల్లలు కూడా ఉన్నారు. మధ్యాహ్నం అన్నం వేళకి ఆవిడ పోయారు. ఏటిగట్టుకి తీసుకెళ్లేదాకా అక్కడే, రోడ్డు మీదే ఉంచాం.

పిన్నిగారు కబురు తెలిసి వచ్చింది. రోడ్డుకి అవతలి వైపు చెప్పులు విడిచి, చెయ్యి కళ్లకడ్డం పెట్టుకుని, మంచం ఎక్కడుందో వెతుక్కుంటూ నిలబడింది. ఎవరైనా చెయ్యిపట్టి దాటించాలి. నేను చూశాను. లేవలేదు. కాసేపుండి ఆవిడ వెళ్లిపోయింది.

ఏడేళ్లు నిండాయి. మా ఆయన కేసు సంగతి మరిచిపోయినట్టే ఉన్నాడు. అమ్మ పోయాక ఇల్లు మాట ఎత్తితే, "ఇప్పుడెందుకు," అనేవాడు. నేను వదల్లేదు. పోలీసు స్టేషన్ కాగితం మీద తేదీ ప్రకారం ఏడేళ్లు నిండిన వారమే నేను అనకాపల్లికి ఉత్తరం రాశాను. ఆ ఇల్లు మాకు రావలసిందే అనిపించేది. ఎవరికోసం రావాలో ఆలోచించలేదు.

ఉత్తరం అందాక ఒక ఆదివారం అందరం బలిఘట్టం రోడ్డు ఇంట్లో, ముందుగది పక్కన వరండాలో కూర్చున్నాం. అల్లుడు, కూతురు, మా ఆయన, నేను. పిన్నిగారు కొంచెం దూరంగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఈ రెండేళ్లలో ఆవిడ చూపు మరీ తగ్గింది. మనిషిని గొంతుని బట్టే పోలుస్తోంది.

అల్లుడు మొదలెట్టాడు. "రోడ్డు ఎడల్పు సేస్తారంటన్నారండి. ఇప్పుడీ ఇల్లు మూడు లచ్చలకి తక్కువ పోదు. పాత రేటుకే అంటే మాకు కిట్టదండి. ఇంకో యాభయ్యేలైనా ఎయ్యండి."

"ధర మారదని రాసుకున్నాం," అన్నాను.

"అప్పుడు రెండేళ్లనుకోనేదు కదండీ."

"అనుకునే రాసుకున్నాం. రెండేళ్లుగా మా నలభై వేలు మీ గోడల్లో ఉన్నాయి. రెండేళ్లుగా మేం అద్దె కడుతున్నాం. మాకు వడ్డీ ఇచ్చారా? ఒక గదైనా ఇచ్చారా?"

గది మాట అనగానే కూతురు తల దించుకుంది. మా ఆయన నా మోచెయ్యి మీద చెయ్యి వేశాడు. నేను ఆపలేదు. చాలాసేపు బేరమాడాను. చేపల బజార్లో కూడా అంత బేరమాడి ఎరగను. చివరికి ఇరవై వేలు ఎక్కువ ఇస్తామన్నాను. కోర్టు ఖర్చులు, లాయరు ఫీజు మావే. కాని ఆ ఇరవై వేలు ఊరికే కాదు. పిన్నిగారు కోర్టుకొచ్చి చెప్పవలసింది చెప్పాలి. వాయిదాకి రాకపోయినా, వచ్చి వేరే మాట చెప్పినా, ఇరవై వేలు లేవు, అడ్వాన్సు వడ్డీతో వెనక్కివ్వాలి. ఇదంతా కాగితం మీద పెట్టమన్నాను.

"ఏటి సెప్పాల?" అని అడిగింది పిన్నిగారు.

నేనే చెప్పాను. "అబ్బాయి లేడని నమ్ముతున్నట్టు చెప్పాలి పిన్నిగారూ. జడ్జిగారు అడిగితే."

ఆవిడ నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. "ఇరవయ్యేలకి సెప్పాలా అమ్మా?"

కూతురు లేచి లోపలికి వెళ్లిపోయింది. అల్లుడు, "అత్తా, నువ్వు ఊరుకో," అన్నాడు. నేను సిగ్గుపడలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు రోడ్డు మీది మంచమే కళ్లలో ఉంది. మా ఆయన మాత్రం లేచి వెళ్లి నూతి దగ్గర నిలబడ్డాడు. దారిలో నాకంటే ముందు నడిచాడు.

కేసు వేశాక కోర్టువాళ్లు పేపర్లో ప్రకటన వేయించారు. ఫలానా వ్యక్తి ఎక్కడున్నా ఫలానా తేదీలోగా హాజరు కావాలని. చిన్న అచ్చు, ఒక మూల. ఆ కాగితం పట్టుకుని లాయరు గుమాస్తా సంతకం కోసం పిన్నిగారింటికి వెళ్లాడు. తర్వాత మాకు చెప్పాడు. ఆవిడ ఆ ముక్కని మూడుసార్లు చదివించుకుందట. "పేపర్లో ఏసారంటే అన్నూళ్లోళ్లూ సూస్తారు కదా బాబూ? ఆడు పేపరు సదూతాడు," అందట. ఆ నెలంతా వీధిగేటు దగ్గరే కూర్చుందని కూతురు చెప్పింది. బేరంలో మేం పెట్టిన ఖర్చుల్లో ఆవిడకి సంతోషం కలిగించింది ఆ ప్రకటన ఒక్కటే.

సాక్ష్యం రోజున నేను స్కూలుకి సెలవు పెట్టి వెళ్లాను. కూతురు చెయ్యి పట్టుకుని పిన్నిగారిని బోనెక్కించింది. ఆవిడ కొత్త నేతచీర కట్టుకుంది. జడ్జిగారు పెద్దమనిషే, మెల్లగా అడిగారు. కొడుకు ఎప్పుడు వెళ్లాడు, ఎవరెవరిని వాకబు చేశారు, ఉత్తరం ఏదైనా వచ్చిందా. అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పింది. ఆ రోజు కుర్రాడు వేసుకున్న చొక్కా రంగు కూడా చెప్పింది. ఎవరూ అది అడగలేదు.

"ఆయన బతికి లేరని మీరు నమ్ముతున్నారా అమ్మా?"

ఆవిడ బోను కర్రని రెండు చేతులతో పట్టుకుంది. తల కొంచెం అటూ ఇటూ తిప్పింది, ఎవరినో వెతుకుతున్నట్టు. నేను మూడో బెంచీలో ఉన్నాను. ఆవిడకి కనబడే దూరం కాదు.

"అందరూ అదే అంటన్నారు బాబూ," అంది.

"అందరి మాట కాదమ్మా. మీ మాట చెప్పండి."

"ఆడు నేడు బాబూ," అంది. లేడన్న ఆ మాట అని, కర్ర వదిలేసి, ఉన్నచోటనే కూర్చుండిపోయింది. బంట్రోతు నీళ్లు తెచ్చాడు.

బయట వేపచెట్టు కింద అల్లుడు నా దగ్గరికి వచ్చి, "పనైపోనట్టేనండి," అన్నాడు. నేను తలూపాను. పిన్నిగారు ఆటోలో కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లి పలకరించాలనుకున్నాను. నా గొంతు వింటే గుర్తుపడుతుంది. అందుకే వెళ్లలేదు.

కోర్టు కాగితం చేతికొచ్చేసరికి అగ్రిమెంటు రాసి మూడున్నరేళ్లైంది. మా ఆయన రిటైర్మెంటుకి రెండేళ్లు కొంచెం పైన మిగిలింది. బ్యాంకులో మేనేజరు మారాడు. కొత్తాయన ఫైలు తిరగేసి, "సార్ పేరు మీద కుదరదండి. రెండేళ్లలో తీర్చాలంటే నెలనెలా జీతం కంటే ఎక్కువ కట్టాలి," అన్నాడు.

అప్పటికి నా సర్వీసు రెగ్యులరైంది. నా పేరు మీదైతే పదిహేనేళ్లకిస్తామన్నాడు. వడ్డీ కూడా మునుపటికంటే తగ్గింది. మొదట పదమూడు శాతం పైన చెప్పినవాళ్లు ఇప్పుడు పదకొండు దగ్గరికొచ్చారు. మారే వడ్డీ తీసుకుంటే ఇంకా తక్కువన్నాడు. మారితే పైకి కూడా మారుతుంది కదా అని నేను స్థిరవడ్డీయే అడిగాను. పాత లోనుకి కట్టిన ఫీజులు మళ్లీ కట్టనని కూర్చున్నాను. ఆయన సగం తగ్గించాడు. ఆలస్యం వల్ల మాకు జరిగిన మేలేదైనా ఉంటే ఆ వడ్డీ ఒక్కటే. నెలకి కట్టేది, మొదట అనుకున్నదానికంటే బాగా తగ్గింది.

"ఇల్లు కూడా మేడమ్ పేరు మీదే ఉండాలండి," అన్నాడు మేనేజరు.

"అలాగే," అన్నాడు మా ఆయన. ఫారాల మీద తన పేరున్న చోట కొట్టేసి నా పేరు రాస్తుంటే కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నాడు. తల్లికోసం కొనాలనుకున్న ఇల్లు. తల్లీ లేదు, కాగితం మీద తన పేరూ లేదు. బయటికొచ్చాక, "టీ తాగుదామా?" అని మాత్రం అడిగాడు.

రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజు రాసేవాడు కాగితం పైకి చదివాడు. కోర్టు డిక్రీ ప్రకారం మృతుడుగా ప్రకటింపబడిన నా కుమారుడు అన్న లైను అందులో ఉంది. చదువుతున్నంతసేపూ పిన్నిగారు బల్లమీద వేలితో గీతలు గీస్తూ ఉంది. సంతకం పెట్టవలసిన చోట కూతురు వేలు పెట్టి చూపించింది. డబ్బు అల్లుడు లెక్కపెట్టుకున్నాడు. ఒప్పుకున్న ఇరవై వేలూ ఇచ్చాం.

ఆఫీసు మెట్లు దిగుతుంటే ఆవిడ ఆగి, "టీచరమ్ముందా?" అంది.

"ఉన్నాను పిన్నిగారూ."

"ఎవులైనా వొచ్చి అడిగితే అనకాపల్లి ఎడ్రసు సెప్తావా?"

"చెప్తాను."

"ఆడికి కోర్టు సంగతి సెప్పకండేం. భయపడతాడు."

ఇంట్లో దిగిన మొదటి వారం ముందుగది ఊడ్చి, కడిగి, అందులో అత్తగారి ఫోటో పెట్టాను. మా ఆయన అందులో పడుకోలేదు. నేను పడుకుంటే నిద్ర పట్టేది కాదు. గేటు చప్పుడైతే లేచేదాన్ని. పాలవాడో, చందాలవాళ్లో, దారి తప్పి అడ్రసు అడిగేవాళ్లో. ఎవరైనా ఇరవై ఎనిమిది, ముప్పై ఏళ్ల మనిషి గేటు దగ్గర ఆగితే నేను కిటికీ పక్కకి జరిగేదాన్ని. వస్తే ఏం చెప్పాలి, నీ చావుకి మేం ఇరవై వేలు కట్టామని ఎలా చెప్పాలి. ఎవరూ రాలేదు. కొంతకాలానికి కోపమంతా పోయింది. అది పోయాక చూసుకుంటే, అత్తగారి దుఃఖం పక్కనే ఇంకొకటి మిగిలింది. దాన్ని నేనే కొని తెచ్చుకున్నాను.

రెండు మూడేళ్లు పోయాక ఒక శనివారం అనకాపల్లి వెళ్లాను. కూతురింటి మీద గది పూర్తయింది. పిన్నిగారికి అప్పటికి చూపు పూర్తిగా పోయింది. మంచం మీద కూర్చుని వేరుశెనక్కాయలు వలుస్తోంది. గుమ్మంలో నిలబడి పలకరించగానే, "టీచరమ్మ కదూ. రా, కూకో," అంది.

దారిలో బస్సులో ఏం చెప్పాలో అనుకునే వెళ్లాను. కోర్టులో ఆ మాట మీచేత అనిపించింది నేను, నన్ను క్షమించండి, అని. ఆవిడ సపోటా చెట్టు కాస్తోందా అని అడిగింది. నుయ్యి వేసవిలో ఎండిందా అని అడిగింది. చేతిలో కాయలు పక్కన పెట్టి, "మీ అత్తగారికి ఆ గది ఇచ్చీవల్సింది. రోడ్డు మీద పోనారని తెలిసేక నాకు అన్నం సయించలేదు. నా తప్పేనమ్మా," అంది.

నేను ఏదో అనబోయాను. ఆవిడే నా తప్పు కూడా చెప్పేస్తున్నట్టు, నాకు చెప్పడానికేమీ మిగలనట్టు అయిపోయింది. ఇంతలో అల్లుడు టీ తెచ్చాడు. రోడ్డు వెడల్పు సంగతి, ఇళ్ల రేట్ల సంగతి మాట్లాడాడు. చివరి బస్సుకి ముందే నేను లేచాను. మళ్లీ వచ్చి చెబుదాంలే అనుకున్నాను.

అదే ఏడు వానల్లో, పిన్నిగారు పోయిందని స్కూలుకి ఫోనొచ్చింది. సగం రోజు సెలవు పెట్టి బయల్దేరాను. దారిలో బస్సు చెడిపోయి గంటన్నర ఆగింది. నేను వెళ్లేసరికి ఆవిడని తీసుకెళ్లిపోయారు. వాకిలి కడుగుతున్నారు. కూతురు నన్ను చూసి ఏడ్చింది. అల్లుడు కర్మ చేస్తున్నాడని చెప్పింది. తమ్ముడి పేరున ఏదైనా చెయ్యాలా అని పురోహితుడడిగితే, వద్దని అమ్మ ముందే చెప్పిందని కూడా చెప్పింది.

మేడమీది గదిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను. కింద ఎవరో అన్నం తినమని పిలిచారు. దిగి, పెట్టింది తిని, చీకటి పడకముందే బస్సెక్కాను.